కరెంటు లేకుండా కంప్యూటర్ నేర్పిన రోజులు

ఈమధ్య మా వీధిలో ఒక అమ్మాయికి వృత్తి శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌ ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చి, "పిన్నిగారూ, క్లాసుని పర్యావరణానికి చెడు జరక్కుండా నడపాలంట. దానికొక ట్రైనింగ్ కూడా ఇచ్చినారు. అసలేటి సెయ్యాలి?" అని అడిగింది. ట్రైనింగ్‌లో ఏం చెప్పారమ్మా అన్నాను. ఏమీ చెప్పలేదట, ఒక మొక్క ఇచ్చి పంపారట.

ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నా బదిలీలూ ప్రమోషన్లూ ఇందులో ఉండవు. అవి తెలిసినందువల్ల ఎవరికీ పాఠం చెప్పడం రాదు.

చల్లదనం ఎవరికి

మాది ఒడిశాలోని బరంపురమే. తాతలనాడు పట్టుచీరల వ్యాపారం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో రెండూ కలిపి. నేను పనిచేసిన శిక్షణ కేంద్రానికి గోపాల్‌పూర్ నుంచి, గంజాం నుంచి, పురుషోత్తంపూర్ దగ్గరి పల్లెల నుంచి పిల్లలు వచ్చేవారు. చేపల వేట చేసేవాళ్ళ పిల్లలు, కూలి పిల్లలు, చిన్న కొట్లవాళ్ళ పిల్లలు. ఏడాది చదివి ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కితే ఏదో ఒక ఆఫీసులోనో దుకాణంలోనో కుర్చీ దొరుకుతుంది. గట్టెక్కకపోతే మగపిల్లలకి సూరత్ బట్టల మిల్లులకి పోయే రైలు, ఆడపిల్లలకి రొయ్యల షెడ్లు. అందుకని మా కంప్యూటర్ గదిలో ఏం జరిగినా నాకు అది చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు.

నేను చేరిన కొత్తలో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు. యంత్రాలకి వేడి తగలకూడదని కిటికీలు మేకులు కొట్టి మూసేశారు. మందపాటి తెరలు కట్టారు. బయట ఎండ పగిలిపోతుంటే లోపల ట్యూబులైట్లు వెలిగేవి. ఏసీ రోజంతా నడిచేది. బరంపురం వేసవిలో పిల్లలు స్వెట్టర్లు తెచ్చుకుని క్లాసుకి రావడం చూసి, బస్సులో పక్కవాళ్ళు వీళ్ళకి జ్వరమేమో అనుకునేవారట. ఏసీ పాడైన రోజు మాత్రం క్లాసు ఉండేది కాదు. పిల్లలు ఉక్కపోతకి తట్టుకోగలరు కానీ యంత్రాలు తట్టుకోలేవని స్టోర్ కీపర్ నమ్మకం.

ఈ పద్ధతి మార్చాలని నేను చాలాసార్లు అడిగాను. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మార్పు వచ్చింది కానీ, నేను అడిగిన వైపు నుంచి రాలేదు.

ఆకుపచ్చ రంగు

మాకు పాణిగ్రాహి అనే ప్రిన్సిపాల్ వచ్చారు. మంచి మనిషి. లంచం తినడు, అబద్ధం ఆడడు, మొక్కలంటే ప్రాణం. ఒడియా ఆయనే అయినా నాతో తెలుగులోనే మాట్లాడేవారు. ఆ తెలుగు ఎక్కడో పాత పాఠ్యపుస్తకంలో నేర్చుకున్నది. ఒకసారి భువనేశ్వర్‌లో ఏదో సమావేశానికి వెళ్ళొచ్చి నన్ను పిలిచారు.

"మేడం, మన కంప్యూటర్ తరగతిని హరిత తరగతిగా మార్చవలయును. ప్రకృతి మనలను పిలుచుచున్నది" అన్నారు.

నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఇన్నాళ్ళకి కిటికీలు తెరుచుకుంటాయి అనుకున్నాను. మర్నాడు వెళ్ళేసరికి రంగులు వేసే మనిషి నిచ్చెన ఎక్కి ఉన్నాడు. గోడలకి ఆకుపచ్చ, బల్లలకి ఆకుపచ్చ. గోడలు అయిపోయాక డబ్బాలో రంగు మిగిలిందని సీపీయూలకి కూడా వేసేశాడు. గాలాడే రంధ్రాలు మూసుకుపోయాయి. ఆన్ చేసే మీట ఎక్కడుందో తెలియకుండా పోయింది. పిల్లలు చేత్తో తడిమి, గోరుతో గీకి మీటలు వెతుక్కున్నారు.

తరవాత మొక్కలు వచ్చాయి. ప్రతి మానిటర్ పక్కన ఒక సీసా, సీసాలో మనీప్లాంటు. నీళ్ళు పోసే బాధ్యత అటెండర్ కూర్మయ్యది. కూర్మయ్య చెప్పిన పని వెనకాడకుండా చేసే మనిషి. సీసాలోకి పోయమంటే సీసా చుట్టూ కూడా పోసేవాడు. వారం తిరగకుండా ఒక మానిటర్ చిటపటమని ఆరిపోయింది. ఆ తరవాత ఇంకొకటి. మూడోది పోయాక పాణిగ్రాహి గారు వచ్చి చాలాసేపు పరిశీలించి, "ఈ మొక్క ఈ యంత్రమునకు సరిపడలేదు" అని తేల్చారు. నీళ్ళు తక్కువ తాగే మొక్క కావాలని బ్రహ్మజెముడు కుండీలు తెప్పించారు. ఆ తరవాత మౌస్ అందుకోబోయిన వాళ్ళందరికీ చేతులకి ముళ్ళు గుచ్చుకునేవి. నా బల్ల సొరుగులో సుద్దముక్కల పక్కన పిన్నీసు, దూది ఉంచుకునేదాన్ని.

కొత్తగా చేరేవాళ్ళకి ఒక మాట. చెడ్డ అధికారిని భరించడం తేలిక, అతను ఏం చేస్తాడో ముందే తెలుస్తుంది. మంచి మనిషికి ఒక ఆలోచన వచ్చి, దాని గురించి సగమే తెలిసినప్పుడు మాత్రం మీరు దగ్గరుండాలి.

ఆలోచిస్తే ఆరిపోతుంది

రంగు అయ్యాక కరెంటు పొదుపు మొదలైంది. కూర్మయ్యకి చొక్కా మీద పెట్టుకోవడానికి ఒక ఆకుపచ్చ బిళ్ళ ఇచ్చారు. వాడకుండా వదిలేసిన కంప్యూటర్ని వెంటనే ఆపేయాలని ఆజ్ఞ. వాడకపోవడం అంటే ఏమిటని కూర్మయ్య నన్నే అడిగాడు. ఎవరూ ముందు కూర్చోకపోతే అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చలేదు.

"మనిసి కూకున్నంత మాత్రాన పని సేస్తన్నట్టేటి మేడంగారూ? సేతులు ఆడాల కదా" అన్నాడు.

అలా ఆయన బల్లల మధ్య తిరుగుతూ ఎవరి చేతులు కీబోర్డు మీద ఆగితే వాళ్ళ వెనక స్విచ్ కట్టేసేవాడు. లెక్క ఎలా చెయ్యాలా అని ఒక్క క్షణం పైకి చూసిన పిల్లాడి తెర నల్లబడిపోయేది. ఆలోచించే పిల్లలే ముందు నష్టపోయారు. కొద్దిరోజుల్లో అందరూ తెలివి తెచ్చుకుని, ఆలోచించేటప్పుడు కూడా ఎడమచేత్తో ఏదో ఒకటి నొక్కుతూ ఉండడం నేర్చుకున్నారు. జవాబు పత్రాల నిండా అర్థంలేని అక్షరాలు. నేను దిద్దుతూ కూర్చుంటే, పిల్లలు ఎక్కడెక్కడ ఆలోచించారో వరసగా కనబడేది.

నేను ప్రిన్సిపాల్ గారిని తీసుకొచ్చి, మనిషి లేచి వెళ్తే తెర తనంతట తానే ఆరిపోయేలా ఎలా పెట్టాలో చూపించాను. కంప్యూటర్ నిద్రపోతుంది సార్, కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది అన్నాను. ఆయన ముచ్చటపడ్డారు. కూర్మయ్య మాత్రం ముక్కు మీద వేలేసుకుని నిలబడి, "నిదరోతంది అని మనవేటి గేరంటీ ఇస్తాం? దొంగ నిదరేమో" అన్నాడు. ఆ మాట పాణిగ్రాహి గారి మనసులో బాగా నాటుకుంది.

నల్లతెరల ముందు

కొన్నాళ్ళకి పైనుంచి తనిఖీ అధికారి వస్తున్నారని తెలిసింది. హరిత తరగతులు చూసి అన్నిటికన్నా మంచిదానికి షీల్డు ఇస్తారట. ఆ రోజు మా తరగతి బొత్తిగా కరెంటే వాడకుండా నడవాలని పాణిగ్రాహి గారు నిశ్చయించారు.

"సార్, కంప్యూటర్లు కరెంటుతోనే నడుస్తాయి" అన్నాను.

"ఒక్క దినమునకు మేడం. పూర్వము దీపము లేక చదివిన మహనీయులు లేరా?"

"వాళ్ళు వీధిదీపం కింద చదివారు సార్. దీపం ఉంది, ఇంట్లో లేదు, అంతే."

ఆయన నా మాటని సరదాగా తీసుకుని నవ్వేశారు. మెయిన్ స్విచ్ దించి, దాని పెట్టెకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. లైట్లు లేవు కాబట్టి గదిలో చీకటి. అప్పుడు, నేను అన్నేళ్ళు అడిగినా కానిది, కూర్మయ్య సుత్తి తెచ్చి మేకులు పీకి కిటికీలు తెరిచాడు. గోపాల్‌పూర్ వైపు నుంచి గాలి వచ్చింది. ఆ రోజు జరిగిన మంచి పని అదొక్కటే.

అధికారి వచ్చారు. పిల్లలు నల్లటి తెరల ముందు కూర్చుని టకటకా టైపు చేస్తున్నారు. ఆయన మొదటి వరసలో నూకరత్నం దగ్గర ఆగారు. ఆ అమ్మాయిది గోపాల్‌పూర్, చేపలవాళ్ళ ఇల్లు. తరగతిలో అందరికన్నా వేగంగా టైపు చేసేది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని ఒడియాలో అడిగారు.

నూకరత్నం లేచి నిలబడి ఒడియాలోనే జవాబు చెప్పింది. ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నాను సార్ అంది.

అధికారి కళ్ళజోడు సవరించుకుని వంగి తెరలోకి చూశారు. తెరలో ఆయన మొహమే కనబడుతోంది. చెదిరిన జుట్టు సర్దుకున్నారు. కాసేపు అలాగే చూసి, "అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా ఉంటే బాగుండేది" అన్నారు.

"అలాగే సార్" అని నూకరత్నం కూర్చుని ఏవో రెండు మీటలు నొక్కింది.

"ఇప్పుడు బాగుంది" అన్నారు ఆయన.

తరవాత నా వైపు తిరిగి పిల్లల ప్రగతి ఎలా ఉందని అడిగారు. ప్రస్తుతానికి ఏమీ కనబడటం లేదు సార్ అన్నాను. నిజమే చెప్పాను. ఆయన నా వినయాన్ని మెచ్చుకుని ముందుకు వెళ్ళిపోయారు.

ఆయన చూసి కూడా ఎందుకు అలా అన్నారని చాలాకాలం ఆలోచించాను. తరగతి అంతా ఒకటి నమ్ముతున్నట్టు కూర్చుంటే, బయటినుంచి వచ్చినవాడు తనకే కనబడటం లేదేమోనని భయపడతాడు. ఆ భయాన్ని హోదా ఇంకా పెంచుతుంది.

మెచ్చుకున్నందుకు

నివేదిక వచ్చేదాకా స్విచ్ పెట్టెకి తాళం తియ్యకూడదన్నారు ప్రిన్సిపాల్ గారు, పాఠాలు నల్లతెరల మీదే సాగాయి. షీల్డు మాకే వచ్చింది. ప్రిన్సిపాల్ గారు అందరినీ ఆవరణలో నిలబెట్టి, అందరికీ రసగుల్లాలు పంచి, తనిఖీ నివేదిక చదివారు. పొగడ్తలన్నీ చదివి చివరి పేరా దగ్గర గొంతు తగ్గించారు. మళ్ళీ మొదటినుంచి చదువుకున్నారు. అందులో ఉన్నదేమిటంటే, ఇక్కడ విద్యుత్తు లేకుండానే శిక్షణ చక్కగా సాగుతున్నది కనుక యంత్రాలు పనిచేయవలసిన అవసరం లేదు. కావున వీటిని పాత సామానుగా పరిగణించి పర్యావరణానికి హాని లేకుండా తొలగించడానికి లారీ పంపుతున్నాము.

ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడింది. మా గదిలో, మా యంత్రాల మీదే జరగాలి. యంత్రాలు లేకపోతే పరీక్ష లేదు, ఆ ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

నూకరత్నం నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"సార్, పరీచ్చ కూడా ఆపీసిన కంప్యూటర్ మీదేనా?"

"కాదమ్మా. పరీక్షకు విద్యుత్తు వలయును కదా."

"మరి నేర్సుకోడానికి అక్కర్లేదా సార్?"

ఆయన బల్లమీది కుండీలోంచి ఎండుటాకు ఒకటి తుంచారు.

"మా అక్క రొయ్యల షెడ్డుకి ఎల్లిపోనాది సార్. ఐసునీళ్ళలో నిలబడి నిలబడి కాళ్ళు పుళ్ళయిపోనాయి. మా అమ్మ నన్ను కూడా ఎల్లమంటంది. పరీచ్చ పాసైతే ఎల్లక్కర్లేదని ఒప్పించుకున్నాను. ఇప్పుడు నానేటి సెప్పాల ఆవిడికి? మాకు షీల్డు వచ్చినాదని సెప్పనా?"

ఆ పిల్ల గొంతు పెంచలేదు. పాణిగ్రాహి గారు ఆ ఎండుటాకుని తిరిగి కుండీలో పెట్టారు.

లారీ

లారీ మర్నాడే వచ్చింది. దానితో వచ్చిన మేస్త్రి మన తెలుగువాడే, కళాసీలకి పని పురమాయిస్తున్నాడు. కూర్మయ్య చొక్కాకి బిళ్ళ పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే ఒక సీపీయూ ఎత్తి లారీ దగ్గరికి మోసుకెళ్తున్నాడు. నేను అడ్డంపడి దింపించాను.

"ఇవి పనిచేస్తాయి బాబూ" అని మేస్త్రితో అన్నాను.

"పని సేస్తే నాను ముట్టుకోనండి. పాడైపోయినవే తెమ్మని నాకు సెప్పినారు. నడిసే సామాను ఎత్తుకెల్తే దాన్ని దొంగతనం అంతారు. ఏదీ, నడిపించండి, సూస్తాను."

నడిపించడానికి మెయిన్ స్విచ్ వెయ్యాలి. తనిఖీ రోజునుంచి దానికి తాళం తీయలేదు. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి జేబులో ఉంది. ఆయన వరండాలో నిలబడి ఉన్నారు. అందరం ఆయన వైపు చూశాం. ఆయన నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నారు.

"మేడం, స్విచ్ వేసిన యెడల, మనము ఆ దినమున చూపినది బూటకమని నేనే ఒప్పుకొనవలయును. షీల్డు తిరిగి ఇవ్వవలసి వచ్చును."

"వచ్చును సార్" అన్నాను. ఆయన దగ్గర నాకూ ఆ భాష వచ్చేసింది.

ఆయన లోపలికి నడిచి, తాళం తీసి, స్విచ్ పైకెత్తారు. ఇంతవరకూ ఆయన్ని తప్పుపడుతూ రాశాను కాబట్టి ఇది కూడా రాయాలి. నా ఉద్యోగ జీవితంలో ఒక పై అధికారి, తనకి వచ్చిన మెప్పుని చేతులారా వదులుకోవడం చూసింది ఆ ఒక్కసారే.

పిల్లలు తలా ఒక కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తారు. కొన్ని వెంటనే లేచాయి. కొన్నిటికి మీట రంగుతో అతుక్కుపోయి లోపలికి దిగలేదు. నూకరత్నం జడలోంచి పిన్ను తీసి రంగు గీకి, ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళింది. మేస్త్రి వెనకాలే తిరుగుతూ ప్రతిదాని ముందూ ఆగి, "ఇది నడుస్తంది. ఇదీ నడుస్తంది" అంటూ, నడిచేకొద్దీ దిగాలుపడ్డాడు.

"ఇప్పుడు ఖాళీ లారీ తీసుకెల్తే నన్ను తిడతారండి" అన్నాడు చివరికి.

అప్పుడు నాకు మెట్లకింద గుట్ట గుర్తొచ్చింది. ఉబ్బిపోయిన యూపీఎస్ బ్యాటరీలు, విరిగిన కీబోర్డులు, తీగలు, మనీప్లాంటు నీళ్ళు తాగి పోయిన మానిటర్లు. కొన్నయితే ఏళ్ళ తరబడి అక్కడే పడున్నాయి. బ్యాటరీలు కారిన చోట నేల తెల్లగా తినేసింది. పిల్లలు మంచినీళ్ళు తాగే కుళాయి ఆ పక్కనే. ఇంత హరిత తరగతి నడిపి ఒక్కరమూ అటు తలతిప్పలేదు. అవన్నీ లారీ ఎక్కించాం. మేస్త్రి మొహం వికసించింది. కూర్మయ్య, పాడైన ఏసీ కూడా ఇచ్చేద్దామా అన్నాడు. నేను సరే అన్నాను. ప్రిన్సిపాల్ గారు కాదనలేదు.

తరవాత చేసినవి

పాణిగ్రాహి గారు జరిగింది జరిగినట్టు పైకి రాశారు. షీల్డు ఎవరూ అడగలేదు. దాని బదులు ఒక ప్రశ్న వచ్చింది: గతంలో బొత్తిగా లేని విద్యుత్ వినియోగం ఇప్పుడు ఇంతగా పెరగడానికి కారణం తెలపండి. ఏం రాయాలని ఆయన నన్ను అడిగారు. ఇద్దరం కూర్చుని చాలాసేపు ఆలోచించి, "కంప్యూటర్లు వేశాము" అని ఒక్క వాక్యం రాసి పంపాం. మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తరవాత మేము చేసినవి చెప్పుకోవడానికి గొప్పగా ఉండవు. కిటికీలు తెరిచే ఉంచాం. ఉప్పుగాలికి లోపలి రేకులు తుప్పు పట్టకుండా క్లాసు అవగానే గుడ్డలు కప్పాం. ప్రతి బ్యాచ్‌కీ మొదటి పాఠం, పోయిన కంప్యూటర్ విప్పి దుమ్ము దులపడం, అందులో పనికొచ్చే భాగం తీసి ఇంకోదానికి పెట్టడం. అలా కొత్తవి కొనకుండా చాలాకాలం నడిపాం. తెరలు వాటంతటవే ఆరిపోయేలా పెట్టి, కూర్మయ్యకి సాయంత్రం మెయిన్ కట్టే పని ఒక్కటే ఉంచాం. మొక్కలు వరండాలోకి వెళ్ళాయి. అక్కడ బాగా పెరిగాయి. యంత్రాన్ని ఎక్కువ కాలం బతికించడం, ఉన్నంతసేపూ పిల్లల చేత దాన్ని పూర్తిగా వాడించడం, నాకు తెలిసిన పర్యావరణం ఇంతే. ఫోటో తీస్తే అందులో ఏమీ కనబడదు. అందుకే దీనికి షీల్డులు రావు.

పరీక్ష జరిగింది. నూకరత్నం మంచి మార్కులతో పాసయింది. వాళ్ళమ్మ నాకు ఎండు వంజరం చేప తెచ్చిచ్చింది.

ఆ అమ్మాయికి ఇప్పుడు గోపాల్‌పూర్ బస్సులు ఆగే చోట సొంత కొట్టు ఉంది. ఆధార్, టికెట్లు, దరఖాస్తులు, శుభలేఖలు, ఏవైనా చేసిపెడుతుంది. రొయ్యల షెడ్డు నుంచి వెనక్కొచ్చేసిన అక్క గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. కిందటి నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ చేయించుకోవడానికి నేను అక్కడికే వెళ్ళాను. నేను బతికే ఉన్నానని ప్రభుత్వానికి ఏటా చెప్పుకోవాలి కదా. వేలిముద్ర పెట్టాను. యంత్రం ఒప్పుకోలేదు. ఇంకో వేలు పెట్టాను. అదీ కాదంది.

"సుద్దముక్కలు పట్టుకుని పట్టుకుని గీతలు అరిగిపోనాయి మేడం. కంగారు పడకండి, కళ్ళతో సేసీద్దాం" అని నూకరత్నం నా కళ్ళముందు కనుపాప చూసే యంత్రమేదో పెట్టింది. అప్పుడు ఒప్పుకుంది.

"మీ ఫోనుకి పంపీసినాను. కాయితం దండగ కదా" అంది.

నాకు కాగితమే కావాలన్నాను. అన్నేళ్ళు నీతులు చెప్పినదాన్ని, అయినా చేతిలో ఒక కాగితం లేకపోతే నేను బతికున్నట్టు నాకే అనిపించలేదు. ఆ పిల్ల నవ్వుకుని, కింద పెట్టెలోంచి ఒకవైపు అచ్చయిపోయిన కాగితం ఒకటి తీసి, దాని వెనక వైపు కొట్టి ఇచ్చింది. బస్సులో కూర్చున్నాక తిప్పి చూశాను. పురుషోత్తంపూర్‌లో ఎవరిదో పెళ్ళి శుభలేఖ, అచ్చుతప్పు పడి పక్కన పడేసింది. నేను సజీవంగా ఉన్నానని ఒకవైపు ధ్రువీకరించి ఉంది. రెండోవైపు, నన్ను సకుటుంబ సపరివారంగా వచ్చి విందారగించమని రాసి ఉంది.